పావగడ బీడు మీద శాస్త్రం ఏమంటోంది: గడ్డి, గొర్రె, కృష్ణజింక

తొలకరి వాన పడి బీడు పచ్చబడిన వారం పది రోజులకు మన పల్లెల్లో ఒక మాట వినబడుతుంది: "రాత్రి బాగానే ఉండింది, పొద్దున లేచి చూస్తే సచ్చి పడుండాది." చచ్చేది బక్క జీవం కాదు. మందలోకెల్లా బాగా బలిసిన పొట్టేలు, లేదా తల్లి దగ్గర పాలు దండిగా తాగే పిల్ల. అందుకే పెద్దవాళ్ళు దిష్టి తగిలిందంటారు. మా ఇంట్లోనూ అదే అనేవాళ్ళు. పండక్కి అమ్ముదామని పెంచిన పొట్టేలు పోతే ఆ ఏడాది లెక్కంతా తారుమారయ్యేది.

దాని పేరు చిటుక రోగం. చిటికె వేసినంతలో ప్రాణం పోతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని మా ఊళ్ళో అంటారు. దీనికి కారణమైన సూక్ష్మజీవి, క్లాస్ట్రిడియం పర్ఫ్రింజెన్స్ డి రకం, బయటి నుంచి వచ్చేది కాదు. చాలా గొర్రెల పేగుల్లో అది ఎప్పుడూ కొద్దిగా ఉంటుంది. ఎండాకాలమంతా ఎండు పుల్ల, రాలిన ఆకు తిని బతికిన జీవం ఒక్కసారిగా లేత గడ్డి మీద పడి కడుపు పగిలేలా మేస్తే, అరగని మేత చిన్నపేగులోకి జారుతుంది. అది ఆ సూక్ష్మజీవికి విందు. గంటల్లోనే కోట్లుగా పెరిగి విషం వదులుతుంది. ఆ విషం రక్తనాళాల ద్వారా మెదడుకూ మూత్రపిండాలకూ చేరుతుంది. ఎక్కువ మేసిన జీవానికే ఎక్కువ విషం, అందుకే మందలో బలిసినదే ముందు పోతుంది. బక్కదాన్ని వదిలిపెట్టే ఈ రోగంలో దిష్టి పాత్ర ఏమీ లేదు.

దీనికి టీకా ఉంది. వానలకు ముందే, రోహిణి కార్తె లోపలే వేయించాలి. జీవానికి మొదటిసారి వేయిస్తుంటే రెండు మూడు వారాల తేడాతో రెండో మోతాదు కూడా కావాలి, ఆ తర్వాత ఏటా ఒకసారి. మొదటి వానల రోజుల్లో మందను ఖాళీ కడుపుతో పచ్చిక మీదికి తోలకుండా ముందు కొంచెం ఎండు మేత పెట్టి వదలడం కూడా మంచిదే. పచ్చిక కనిపించాక టీకా కోసం పశువుల ఆసుపత్రికి పరుగెత్తితే సగం ఆలస్యమైనట్టే, ఎందుకంటే టీకా పనిచేయడానికి ఒంటికి కొన్ని రోజులు పడుతుంది.

చిటుక రోగంతో మొదలుపెట్టింది ఊరికే కాదు. మన తాలూకాలో జీవాల మంచిచెడ్డలన్నీ చివరికి గడ్డి దగ్గరికే వస్తాయి. ఆ గడ్డి మొలిచే నేల ఏటేటా తగ్గుతోంది. ఏది మిగలాలి, ఏది పోవాలి అని నిర్ణయించేవాళ్ళు దాన్ని కాగితం మీద "బీడు", "బంజరు" అనే రాసుకుంటారు. శాస్త్రం మాత్రం ఆ మాటను చాలాకాలంగా ఒప్పుకోవడం లేదు.

గడ్డికీ ఒక లెక్క ఉంది

మన తాలూకాకు మూడు దిక్కులా ఆంధ్ర భూమే. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడ, మన బతుకు రెండింటి నడుమ. వాన మాత్రం రెండు వైపులా ఒకేలా మొండికేస్తుంది. ఏడాదికి 500 నుంచి 600 మిల్లీమీటర్లు, అదీ ఒక ఏడు పడితే మరో ఏడు పడదు. ఇలాంటి చోట అడవి రాలేదంటే నేల పాడైందని అనుకోకూడదు. దక్కను పీఠభూమిలో గుట్టల నడుమ గడ్డి, అక్కడక్కడా తుమ్మ, రేగు, బలుసు పొదలు ఉండడం ఈ నేల సహజ రూపం.

దేశంలో గడ్డి నేలలను మొదటిసారి క్రమంగా లెక్కకట్టినవాళ్ళు డబడ్‌ఘావ్, శంకరనారాయణ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. వాళ్ళ పుస్తకం 1973లో వచ్చింది. దేశపు గడ్డిని వాళ్ళు ఐదు రకాలుగా విభజించారు. మన ప్రాంతం అందులో ద్వీపకల్పం అంతటా పరుచుకున్న సెహిమా–డైకాంథియం రకం కిందికి వస్తుంది. ఈ రెండూ మంచి మేత గడ్లు, ఏడాది తర్వాత ఏడాది అదే మొదలు నుంచి చిగురించేవి. మేత ఒత్తిడి ఎక్కువైతే ముందు ఇవి తగ్గి, ఎద్దుగడ్డి పెరుగుతుంది. దాని ముల్లు మూతికీ తోలుకూ గుచ్చుకుంటుందని ప్రతి కాపరికీ తెలుసు, లేతగా ఉన్నప్పుడే జీవాలు దాన్ని తింటాయి. ఇంకా ఒత్తిడి పెరిగితే చీపురు గడ్డి లాంటివి, ఒక వానకు మొలిచి ఒక ఎండకు పోయేవి మిగులుతాయి. అంటే మీ ఊరి గుట్ట మీద ఏ గడ్డి ఎక్కువుందో చూస్తే, ఆ గుట్ట గత ఇరవై ఏళ్ళలో ఎంత మేతకు గురైందో చెప్పేయవచ్చు. ప్రయోగశాలతో పని లేదు.

మేయడం వల్లే గడ్డి చెడుతుందా? కాదు. గడ్డికి చిగురు పుట్టేది కొన నుంచి కాదు, మొదలు దగ్గర నుంచి. అందుకే గొర్రె పైన కొరికినా అది మళ్ళీ లేస్తుంది. కానీ లేవడానికి వేరులో దాచుకున్న బలాన్ని వాడుకుంటుంది. ఆకులు పెరిగి ఎండ తాగి ఆ అప్పు తీర్చేలోపు మళ్ళీ కొరికితే, మళ్ళీ అప్పు. మూడు నాలుగు సార్లు అలా జరిగితే వేరు కురచబడుతుంది, తర్వాతి ఎండకు మొదలు చచ్చిపోతుంది. కాబట్టి ఎన్ని జీవాలు మేశాయన్నది ఎంత ముఖ్యమో, మేసిన చోటికి ఎన్నాళ్ళ తర్వాత తిరిగి వచ్చాయన్నదీ అంతే ముఖ్యం.

ఇక్కడ శాస్త్రవేత్తల్లోనే ఒక పెద్ద తగువు నడిచింది. "ఇంత నేలకు ఇన్ని జీవాలు" అని లెక్క కట్టి, అంతకు మించితే నేల చెడుతుందనేది పాత సిద్ధాంతం. 1988లో ఎల్లిస్, స్విఫ్ట్ అనే ఇద్దరు కెన్యాలోని తుర్కానా పశుపోషకుల నేలను చదివి దాన్ని ప్రశ్నించారు. వాన ఇంత చంచలంగా ఉండే చోట గడ్డిని నిర్ణయించేది జీవాల సంఖ్య కాదు, వానే. అక్కడి మనుషులు మందలతో కదిలిపోతూ ఉండడం తెలివితక్కువతనం కాదు, అదే సరైన ఏర్పాటు అన్నారు. మన కాపరులు ఎండాకాలం నీళ్ళున్న ఆయకట్టు వైపు మందలు తోలుకెళ్ళడం, కోత అయిన చేలల్లో మంద కట్టి పెంటకు బదులు గింజలు తీసుకోవడం ఇలాంటి ఏర్పాటే. దీన్ని ఇప్పుడు పుస్తకాల్లో గొప్పగా రాస్తున్నారు. సంతోషమే. కానీ కదలడానికి చోటు ఉన్నప్పుడే ఆ సిద్ధాంతం నిలుస్తుంది. నాలుగు దిక్కులా కంచె పడ్డాక పాత లెక్కే నిజమవుతుంది: తక్కువ నేల, అదే మంద, తిరిగి తిరిగి అదే మొదలు.

కంచెలు ఎలా పడ్డాయి

ఎన్.ఎస్. జోధా అనే ఆర్థికవేత్త పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో ఉన్నప్పుడు ఏడు రాష్ట్రాల మెట్ట జిల్లాల్లో 80 దాకా గ్రామాలు చూసి 1986లో ఒక వ్యాసం ప్రచురించాడు. 1950ల మొదలు నుంచి 1980ల మొదటికి ఊరుమ్మడి నేల 31 నుంచి 55 శాతం దాకా తగ్గిపోయిందని అందులో తేల్చాడు. బీదవాళ్ళకు పంచారు, బలమైనవాళ్ళు ఆక్రమించారు. రెండూ జరిగాయి. పంచిన నేల కూడా చాలావరకు బీదల చేతిలో నిలవలేదని ఆయనే రాశాడు.

కర్ణాటకలో ఈ ఊరుమ్మడి మేత నేలకు గోమాళ అని పేరు. 1966 భూ కందాయ నియమాల్లో 97వది ప్రతి 100 పశువులకు 12 హెక్టార్లు, అంటే 30 ఎకరాలు, గోమాళగా ఉంచాలంటుంది. కాగితం మీద గట్టి మాటే. ఆ పక్కనే జిల్లాధికారి అవసరాన్ని బట్టి తగ్గించవచ్చనే వెసులుబాటూ ఉంది. ఆపైన బగర్ హుకుం దరఖాస్తులు. ఎన్నో ఏళ్ళుగా గోమాళ దున్నుకుంటున్నవాళ్ళకు సక్రమం చేసి ఇవ్వడం. ఇందులో ఎవర్నీ తిట్టలేం. మనలోనే సగం కుటుంబాలకు ఒక బంధువు ఫారం 53 వేసినవాడు, ఇంకో బంధువు జీవాలు మేపుకునేవాడు ఉంటారు. ఇద్దరూ ఒకే పెళ్ళిలో ఒకే పంక్తిలో కూర్చుంటారు. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి నేలల ఆక్రమణలు తొలగించాలని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. చెప్పి పదేళ్ళు దాటింది.

పక్క తాలూకా చళ్ళకెరెలో ఇంకో కథ. అక్కడి అమృత మహల్ కావళ్ళు మైసూరు రాజుల కాలం నుంచి పశువుల కోసం ఉంచిన గడ్డి నేలలు. ఉళ్ళార్తి, ఖుదాపుర వైపు దాదాపు 10,000 ఎకరాలను రక్షణ, అణు, అంతరిక్ష, విజ్ఞాన సంస్థలకు ఇచ్చారు. పల్లెలవాళ్ళు పోరాడారు, హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. గోడ మాత్రం లేచింది. కంబళ్ళు నేసే ఊళ్ళకు ఉన్ని ఇచ్చే గొర్రెలు మేసే చోటు అదే.

మన దగ్గర సోలార్ పార్కు. తిరుమణి, వళ్ళూరు, బలసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు. ఈ ఐదు ఊళ్ళ చుట్టూ సుమారు 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. 2018 మార్చిలో ప్రారంభమైంది. నేలను కొనలేదు, కౌలుకు తీసుకున్నారు: మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు. వాన కోసం ఆకాశం చూసిన రైతుకు ఇది ఖచ్చితమైన డబ్బు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు మాకు లేదు. అయితే కౌలు వచ్చేది పట్టాదారుకు. ఆ చేలల్లో కోత అయ్యాక శెనక్కాయ కట్టె, గట్ల మీద గడ్డి, వంకల్లో నీడ జీవాలవాళ్ళకు దొరికేవి. పట్టా లేనివాడికి ఏ పెంపూ లేదు.

అద్దాల కింద మేపవచ్చా

ఈ ప్రశ్నకు జవాబు ఉంది, అదీ పొలంలో కొలిచి చెప్పినది. అమెరికాలో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు సోలార్ ప్యానెళ్ళ కింద ఉన్న పచ్చికలో కొన్ని గొర్రెపిల్లలనూ, పక్కనే బయలు పచ్చికలో కొన్నిటినీ మేపి 2021లో ఫలితాలు ప్రచురించారు. ప్యానెళ్ళ దగ్గర గడ్డి 38 శాతం తక్కువ వచ్చింది, పూర్తి నీడలో మొలక పలచబడడమే కారణం. కానీ ఆ గడ్డిలో పోషకం ఎక్కువ. పిల్లల ఎదుగుదల రెండు చోట్లా ఇంచుమించు సమానం, రోజుకు 120 గ్రాముల దరిదాపు. వసంతంలో నీడన మేసినవి నీళ్ళు కూడా తక్కువ తాగాయి. 40 డిగ్రీల ఎండలో మందను తిప్పే మనకు ఆ చివరి మాట చిన్నది కాదు.

ఒరెగాన్ చల్లని దేశం, వాన వేరు, గడ్డి వేరు. ఆ అంకెలను తెచ్చి తిరుమణికి అతికించలేం. అయినా ఒక సంగతి ఏ పార్కుకైనా ఒకటే. ప్యానెళ్ళ నడుమ గడ్డి ఎత్తు పెరిగితే అద్దం మీద నీడ పడుతుంది, ఎండితే నిప్పు భయం, కాబట్టి దాన్ని ఎవరో ఒకరు తీయాల్సిందే. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఆ పనికి గొర్రెలను పెట్టుకుని, కాపరికే డబ్బిచ్చే చోట్లున్నాయి. మేకలను మాత్రం రానివ్వరు. అవి పైకెక్కుతాయి, వైర్లు కొరుకుతాయి. మేకల బుద్ధి ప్రపంచమంతా ఒకటే అన్నమాట.

జింక మాంసం సంగతి

హోటల్ బల్ల దగ్గర ఎవరో ఒకరు అడుగుతారు: "చేలో పడి శెనక్కాయ మేసే జింకను కాల్చుకు తింటే తప్పేంటి? ఫారిన్‌లో పెంచి అమ్ముతారు కదా?" ప్రశ్న మరీ పనికిమాలినది కాదు, చదువుకున్నవాళ్ళూ దీని మీద పనిచేశారు. 1959 ప్రాంతంలో రేమండ్ దాస్‌మన్, ఆర్చీ మాస్‌మన్ అనే ఇద్దరు అమెరికన్లు అప్పటి దక్షిణ రొడీషియాలో, ఇప్పటి జింబాబ్వేలో, హెండర్సన్ రాంచ్ అనే పశుక్షేత్రంలో లెక్కలు వేశారు. ఒకే నేల మీద ఆవులను పెంచడం కన్నా అడవి జంతువులను ఉంచి పరిమితంగా మాంసానికి తీయడమే లాభమని తేల్చారు. కారణం సులువైనది. జిరాఫీ కొమ్మ తింటుంది, కుడు అనే జింక పొద ఆకు తింటుంది, జీబ్రా గడ్డి తింటుంది. ఒకరి పంక్తి మీద ఒకరు పడరు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ లాభం అంత తేలిక కాదన్నారు. వేటాడి, శుభ్రం చేసి, చల్లగా సంతకు చేర్చే ఖర్చు చాలా తినేస్తుంది. అయినా దక్షిణాఫ్రికాలో అది పెద్ద వ్యాపారమే అయింది, అక్కడ 1991 చట్టంతో కంచె లోపలి అడవి జంతువు భూమి యజమాని సొత్తయింది కాబట్టి.

మన దేశంలో అలా కాదు. అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. కృష్ణజింక 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. వేటాడితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు. విచిత్రమేమంటే మన కృష్ణజింకను 1930లలో అమెరికా టెక్సస్‌కు తీసుకెళ్ళారు, ఇప్పుడక్కడి రాంచుల్లో డబ్బు కట్టి వేటాడతారు. ఇక్కడ ఆంధ్ర రాష్ట్ర జంతువు, అక్కడ భోజనం.

"వండేస్తే ఎవరికి తెలుస్తుంది" అనుకునేవాళ్ళ కోసం హైదరాబాద్ సీసీఎంబీ ఎప్పుడో పని ముగించింది. సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ 2003లో ప్రచురించిన పద్ధతిలో చిన్న మాంసం ముక్కలోని ఒక జన్యుభాగాన్ని చదివి అది ఏ జంతువుదో చెప్పేస్తారు. వండిన ముక్కలో కూడా డీఎన్‌ఏ దొరుకుతుంది.

అయితే దాస్‌మన్ చూసిన సూత్రం మన కాపరులకు కొత్త కాదనిపిస్తుంది. గొర్రె గడ్డిని కిందికి వంగి మేస్తుంది, మేక ముందరి కాళ్ళెత్తి పొదను తింటుంది. రెండూ కలిపి ఒకే మందగా తోలుతున్నవాడు ఆ రాంచ్ లెక్కనే చేస్తున్నాడు. మేకలన్నీ అమ్మేసి ఒక్క గొర్రెలే పెట్టుకోమనే సలహా వినేముందు మీ గుట్ట మీద పొద ఎంత, గడ్డి ఎంత చూసుకోండి.

కృష్ణజింకను చూడాలంటే దూరం పోనక్కర్లేదు. మధుగిరి తాలూకా మైదేనహళ్ళి దగ్గర 798 ఎకరాల జయమంగలి కృష్ణజింకల సంరక్షిత ప్రాంతం 2007లో ఏర్పడింది. నీలగిరి చెట్ల గుంపుల నడుమ గడ్డి నేల. చుట్టూ రైతుల పొలాలే, జింకకు ఆ గీత తెలియదు. పంట నష్టపోయిన రైతు కోపం నిజమైనదే. దానికి మందు పరిహారం సమయానికి అందడం, లోపల గడ్డి బాగుండడం.

లోపల గడ్డి బాగుండనివ్వనిది బళ్ళారి జాలి, సర్కారు తుమ్మ. ఇది మన చెట్టు కాదు. 1877లో జమైకా నుంచి గింజలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు, దేశంలో మొదటి చోటు అదే. వంటచెరుకుకు ఉపకారమే చేసింది, గడ్డినే మింగింది. కాయ తియ్యగా ఉంటుంది కాబట్టి గొర్రెలూ జింకలూ తిని గింజను పెంటతో పాటు నాటుతాయి. గుజరాత్‌లోని వేలావదర్‌లో కృష్ణజింకలను గమనించిన పరిశోధకులు 2013లో ఒక తమాషా సంగతి రాశారు. మగ జింకలు ఆడవాటి కోసం గుంపుగా హద్దులు కట్టుకుని, ఆ హద్దుల్లో ఒకేచోట పేడ వేస్తాయి. ఆ పేడకుప్పల్లోనే తుమ్మ మొక్కలు ఎక్కువగా లేస్తాయట. తనకు ఇష్టమైన బయలును తన పెళ్ళి సందడితోనే తుమ్మకు అప్పగిస్తోంది పాపం. మందను కాయ రాలే కాలంలో తుమ్మ తోపు నుంచి నేరుగా మంచి గడ్డి నేల మీదికి తోలకపోవడం మన చేతిలో ఉన్న పని.

రొద్దం వైపు ఒకసారి

మన సరిహద్దు దాటి రొద్దం, రామగిరి, చెన్నేకొత్తపల్లి మండలాల గుట్టల్లో కల్పవల్లి ఉంది. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్, చుట్టుపక్కల పల్లెలవాళ్ళు కలిసి 1990ల నుంచి 7,000 ఎకరాలకు పైగా రెవెన్యూ బీడును కాపాడుకుంటూ వచ్చారు. వాళ్ళు చేసింది చెట్లు నాటడం కన్నా ఎక్కువగా నిప్పును ఆపడం. చలికాలంలో గడ్డి ఎండగానే గుట్టల మీద బాటలుగా చెక్కి మంట పాకకుండా చూడడం, కాపలా పెట్టడం. గడ్డి తిరిగొచ్చింది, ఈత వచ్చింది, వంకలో నీరు నిలిచింది, తోడేలు కూడా తిరిగొచ్చింది. తోడేలు సంగతి కాపరులకు అంత తీపి కాదు, ఆ మాటా చెప్పుకోవాలి. 2010 తర్వాత అదే గుట్టల మీద గాలిమరలు లేచాయి. నేల రికార్డుల్లో అది ఇంకా "బంజరు"గానే ఉండడం వల్లే అది సాధ్యమైంది.

దేశం మొత్తం మీద ఇలాంటి బయలు నేలలను ఉపగ్రహ చిత్రాలతో ఎం.డి. మధుసూదన్, అభి వనక్ పటంగా గీశారు. దేశ భూభాగంలో దాదాపు 10 శాతం అని వాళ్ళ లెక్క. అందులో 5 శాతం కన్నా తక్కువే రక్షిత ప్రాంతాల్లో ఉంది. ఆ పటం ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

మన ఊళ్ళో అయితే ఇంకా దగ్గరి పటం ఒకటుంది. గ్రామ పాలనాధికారి దగ్గర గోమాళ సర్వే నంబర్లు, పహణీలో ఇప్పుడు ఎంత మిగిలిందో ఉంటాయి. ఊరి పశుగణన సంఖ్యను వందతో భాగించి 30తో గుణిస్తే నియమం ప్రకారం ఎన్ని ఎకరాలుండాలో వస్తుంది. ఈ రెండు అంకెలూ ఒక కాగితం మీద రాసుకుని, వచ్చే గ్రామసభకు జీవాలవాళ్ళను కూడా పిలవండి. సభ మామూలుగా పొద్దున పదకొండింటికి పెడతారు, అప్పటికి కాపరి గుట్ట మీద ఉంటాడు. సాయంత్రం మంద దొడ్డికి చేరాక పెట్టమని ముందే అడగాలి.